జేన్స్‌విల్ పళ్ళ డాక్టరు గారి అబ్బాయి

కొలంబస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాలకు ఐ-70 రహదారి కొత్తది కాదు. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి దర్శనానికి బయలుదేరామంటే పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా సర్దుకుని ఆ దారినే తూర్పుకు పోతాం. గంట సేపటికి జేన్స్‌విల్ వస్తుంది. లికింగ్, మస్కింగమ్ నదులు కలిసే చోట ఇంగ్లీషు వై అక్షరంలా మూడు కొమ్మలుగా చీలిన వంతెన ఉన్న ఊరు అదే. ఇంకో గంటకు పైగా ప్రయాణం చేస్తే ఒహాయో నది, దాని ఒడ్డున వీలింగ్. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతూ ఉంటారు, పెద్దలు సుప్రభాతం వింటూ ఉంటారు. ఈ రెండు ఊళ్ళకూ సంబంధించిన ఒక గొప్ప కథ మన కారు కిటికీ పక్కనుంచే వెళ్ళిపోతూ ఉంటుంది.

ప్రతి సంవత్సరం ఈ సంచికలో వీరేశలింగం గారి గురించో, గురజాడ గారి గురించో రాసుకుంటూ వస్తున్నాము. ఈసారి మనం ఉంటున్న ఈ నేల మీద పుట్టిన ఒక రచయిత గురించి రాయాలనిపించింది. ఆయన పేరు జేన్ గ్రే. సుమారు 90 పుస్తకాలు రాశారు. ఆయన కథల మీద 100కు పైగా సినిమాలు వచ్చాయి. కౌబాయ్ నవలను అమెరికాలో ఇంటింటికీ చేర్చినవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు ఆయనదే.

పిల్లలూ, ఇక్కడ వెస్ట్రన్ నవల అంటే పాశ్చాత్య నవల అని అర్థం కాదు. అమెరికా దేశంలో పడమటి వైపున ఉన్న ఎడారులు, కొండలు, పశువుల మందలు, గుర్రపు రౌతులు, తుపాకుల కథ అని అర్థం. మీ అమ్మానాన్నల తరానికి కౌబాయ్ అంటే ముందు గుర్తొచ్చేది కీర్తిశేషులు కృష్ణ గారు నటించిన 1971 నాటి మోసగాళ్ళకు మోసగాడు. ఆ టోపీ, ఆ గుర్రం, ఒంటరిగా ఊళ్ళోకి వచ్చే ఆ అపరిచితుడు మన తెరకు హాలీవుడ్, ఇటలీ సినిమాల మీదుగా చేరాయి. ఆ సినిమాలకు దారి వేసిన పుస్తకాలలో జేన్ గ్రే పుస్తకాలు మొదటి వరుసలో ఉంటాయి.

ఇక కథలోకి వద్దాం. జేన్ అన్నది ఆయన తల్లి పుట్టింటి ఇంటిపేరు. ఆమె పూర్వీకుడు ఎబినీజర్ జేన్ వీలింగ్ దగ్గర స్థిరపడ్డ తొలి వలసదారులలో ఒకరు. 1796లో వీలింగ్ నుంచి కెంటకీ వైపు అడవిలో బాట కొట్టించింది ఆయనే. ఆ బాట మీద, మస్కింగమ్ నది దాటే చోట వెలిసిన ఊరు కనుక దానికి జేన్స్‌విల్ అని పేరు వచ్చింది. ఎబినీజర్ చెల్లెలు బెట్టీ. 1782లో వీలింగ్‌లోని ఫోర్ట్ హెన్రీ కోటను ఆంగ్లేయుల పక్షాన పోరాడుతున్న దళాలు చుట్టుముట్టాయి. కోటలో తుపాకి మందు నిండుకుంది. అప్పుడు ఆ అమ్మాయి గుళ్ళ వర్షంలో కోట బయటి అన్నగారి ఇంటికి పరుగెత్తి, మందును గుడ్డలో మూటకట్టి తెచ్చిందని చెబుతారు. చెప్పగా చెప్పగా కొంత పెరిగి ఉండవచ్చు గాని, ఆ ఇంట్లో ప్రతి తరం వాళ్ళూ ఆ కథ వింటూనే పెరిగారు.

ఆ ఇంట్లో 1872 జనవరి 31న పుట్టిన కుర్రవాడికి తల్లిదండ్రులు పెట్టిన పేరు పెర్ల్. అంటే ముత్యం. మన వైపు ముత్యాలరావు, ముత్యాలయ్య అని మగవాళ్ళకు శుభ్రంగా పేర్లు పెడతాం, ఎవరూ నవ్వరు. ఇక్కడ మాత్రం పెర్ల్ ఆడపిల్ల పేరు. తోటి కుర్రవాళ్ళు ఏడిపించేవారు, ఇతను తిరగబడి కొట్టేవాడు. పేరు వల్ల బడిలో పడే అవస్థ ఎలాంటిదో మన పిల్లలకు మేము వివరించి చెప్పనక్కరలేదు. పెద్దయ్యాక ఆయన ఆ ముత్యాన్ని వదిలేసి, తల్లి ఇంటిపేరును తన పేరుగా చేసుకున్నారు.

తండ్రి లూయిస్ గ్రే పళ్ళ డాక్టరు. కోపిష్టి. కొడుకు కూడా పళ్ళ డాక్టరే కావాలన్నది ఆయన నిర్ణయం. కుర్రవాడి ధ్యాస మాత్రం మూడింటి మీద ఉండేది: చేపలు పట్టడం, బేస్‌బాల్ ఆడడం, కథల పుస్తకాలు చదవడం. పదిహేనేళ్ళ వయసులో తానే ఒక కథ రాశాడు. గుహలో ఉండే జిమ్ అనే కుర్రవాడి కథ. అది తండ్రి కంట పడింది. ఆయన ఆ కాగితాలను ముక్కలు ముక్కలుగా చింపేసి, కొడుకును చావబాదారు. ఆ కథ మళ్ళీ దొరకలేదు.

తరువాత తండ్రి ఎక్కడో పెట్టుబడి పెట్టి డబ్బు పోగొట్టుకున్నారు. 1889 ప్రాంతంలో పరువు కాపాడుకోవడానికి జేన్స్‌విల్ వదిలి సకుటుంబంగా మన కొలంబస్‌కు వచ్చేశారు. ఇక్కడ కుర్రవాడు తండ్రికి సాయంగా చుట్టుపక్కల పల్లెలకు వెళ్ళి పళ్ళు పీకేవాడు. చదువూ లేదు, లైసెన్సూ లేదు. చివరికి అధికారులు వచ్చి ఆపించారు. సాయంత్రాలు కొలంబస్‌లో ఒక జట్టుకు బేస్‌బాల్ ఆడేవాడు. బంతి విసరడంలో మంచి పేరు వచ్చింది. ఎదురుగా వచ్చిన బంతి చివరి క్షణంలో జారి కిందికి దిగిపోయేదట. ఆ చేతి వాటమే ఆయనకు ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్ తెచ్చిపెట్టింది. చదువు దంతవైద్యం, సీటు బేస్‌బాల్ కోటాలో! తండ్రి మాటా నెగ్గింది, కొడుకు ఆటా సాగింది.

అక్కడా చిక్కు వచ్చింది. 1893లో బేస్‌బాల్ నియమాలు మార్చి బంతి విసిరే దూరం పెంచారు. ఆయన విసురు మునుపటిలా పని చేయలేదు. దూరంగా నిలబడి బంతి పట్టే స్థానానికి మార్చారు. చదువులో కూడా అంతంత మాత్రమే. ఎలాగో 1896లో పట్టా పుచ్చుకుని, న్యూయార్క్‌లో డాక్టర్ జేన్ గ్రే అని బోర్డు పెట్టారు. వచ్చిన పేషెంట్ల పళ్ళు చూసేవారు, రాత్రిళ్ళు రాసుకునేవారు. ఆ పని ఆయనకు ఒక్క రోజు కూడా నచ్చలేదు.

తమ్ముడు ఆర్.సి. తో కలిసి సెలవు దినాల్లో డెలవేర్ నది మీద పడవ వేసుకుని పెన్సిల్వేనియాలోని లాకవాక్సెన్ అనే పల్లెకు పోయేవారు. 1900లో ఆ నది ఒడ్డున లీనా ఎలీజ్ రోత్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి పరిచయమైంది. వైద్యుల కుటుంబం, చదువుకుంటున్న అమ్మాయి. ఆయన ఆమెను డాలీ అని పిలిచారు, అదే పేరు నిలిచిపోయింది. అయిదేళ్ళ తరువాత, 1905లో వారికి పెళ్ళయింది.

డాలీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. జేన్ గ్రే గారి స్పెల్లింగు దారుణం, వ్యాకరణం అంతకంటే అధ్వాన్నం. చెక్క కుర్చీలో కూర్చుని, చేతుల మీద అడ్డంగా బల్ల పెట్టుకుని, పెన్సిలుతో గబగబా రాసుకుంటూ పోయేవారు. తిరిగి చూసుకునే అలవాటు లేదు. ఆ కాగితాల కట్టను డాలీ తీసుకుని, తప్పులు దిద్ది, సాపు ప్రతి రాసేవారు. ఆమెకు వారసత్వంగా వచ్చిన డబ్బుతోనే ఇల్లు గడిచేది. ఆమె ధైర్యం మీదనే ఆయన పళ్ళ డాక్టరు బోర్డు పీకేసి లాకవాక్సెన్‌కు వచ్చి పూర్తికాలం రచయితగా కూర్చున్నారు. తరువాత రోజుల్లో ప్రచురణకర్తలతో బేరాలు, ఒప్పందాలు, సినిమా హక్కులు అన్నీ ఆమే చూశారు. వచ్చిన రాబడి ఇద్దరూ చెరి సగంగా పంచుకున్నారు. ఆ రోజుల్లో ఒక రచయిత ఇంట్లో అలాంటి ఏర్పాటు ఎంత అరుదో పెద్దలకు తెలుసు.

మొదటి నవల బెట్టీ జేన్. చిన్నప్పటి నుంచి విన్న ఆ మేనత్తల కాలం నాటి తుపాకి మందు కథే. ఏ ప్రచురణ సంస్థా తీసుకోలేదు. 1903లో సొంతంగా అచ్చు వేయించుకున్నారు. ఈ సంచిక అచ్చుకు ప్రతి ఏడూ ప్రకటనల కోసం తిరిగే మాకు ఆ కష్టం కొంత అర్థమవుతుంది. దానికి తరువాయిగా ఒహాయో సరిహద్దు కథలు ఇంకో రెండు రాశారు. పెద్దగా ఫలితం లేదు.

1907లో న్యూయార్క్‌లో బఫెలో జోన్స్ అనే ఆయన ఉపన్యాసం విన్నారు. ఒకప్పుడు అడవిదున్నలను వేటాడి, అవి అంతరించిపోతున్నాయని తెలిసి వాటిని కాపాడడానికి నడుం కట్టిన మనిషి ఆ జోన్స్. కొండసింహాలను తాడు వేసి ప్రాణాలతో పడతానని చెబితే శ్రోతలు నమ్మలేదు. జేన్ గ్రే నమ్మి, నేనూ వస్తాను, చూసి రాస్తాను అని ఆయన వెంట అరిజోనా వెళ్ళారు. గ్రాండ్ కాన్యన్ ఉత్తరపు గట్టు మీద వారాల తరబడి గుర్రం మీద తిరిగారు. ఎడారిలో దారి చూపిన వాళ్ళు, తిండి పెట్టిన వాళ్ళు మోర్మన్ మతస్థులు. తిరిగి వచ్చి ఆ అనుభవం అంతా పుస్తకంగా రాసి హార్పర్ సంస్థకు పట్టుకెళ్ళారు. అక్కడి సంపాదకుడు రిప్లీ హిచ్‌కాక్ చదివి, ఈయన కథ గాని మరొకటి గాని రాయగలరని నమ్మకం కలిగించే ముక్క ఇందులో ఒక్కటీ లేదని ముఖం మీదే చెప్పేశారు.

అప్పటికి ఆయనకు 36 ఏళ్ళు. వృత్తి వదిలేశారు, భార్య డబ్బు ఖర్చవుతోంది. పదిహేనేళ్ళప్పుడు తండ్రి చింపిన కాగితాలు అప్పుడు గుర్తుకు వచ్చాయో లేదో మనకు తెలియదు. ఆ పుస్తకం వేరే చోట అచ్చయింది. ఆయన మళ్ళీ రాయడానికి కూర్చున్నారు. 1910లో ది హెరిటేజ్ ఆఫ్ ది డెజర్ట్ అనే నవలను అదే హార్పర్ సంస్థ తీసుకుంది. 1912లో రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్ వచ్చింది. దీన్ని కూడా హిచ్‌కాక్ వద్దన్నారు. జేన్ గ్రే ఊరుకోలేదు, సంస్థలో ఇంకా పైమెట్టు మీద ఉన్న అధికారి దగ్గరికి తానే తీసుకెళ్ళారు. అది లక్షల ప్రతులు అమ్ముడుపోయి, నేటికీ అచ్చులోనే ఉంది.

ఆ తరువాత ఇక వెనక్కి చూసుకోలేదు. 1918లో యూనియన్ పసిఫిక్ రైలుమార్గం వేసిన నాటి కథ ది యు.పి. ట్రెయిల్, 1920లో ది మ్యాన్ ఆఫ్ ది ఫారెస్ట్, ఆయా సంవత్సరాల్లో దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన నవలలుగా నిలిచాయి. 1918లో కుటుంబం కాలిఫోర్నియాకు మారింది, తరువాత ఆల్టడీనాలో పెద్ద ఇల్లు కొన్నారు. సినిమా వాళ్ళు క్యూ కట్టారు. కథ ఏ కొండల్లో జరిగిందో సినిమా కూడా అక్కడే తీయాలన్నది ఆయన పట్టుదల.

ఆయన లోపాలు చెప్పకపోతే ఇది జీవితచరిత్ర కాదు, సన్మానపత్రం అవుతుంది. విమర్శకులు ఆయనను ఏనాడూ లెక్కచేయలేదు. వర్ణనలు సాగదీస్తారనీ, మనుషులు మరీ మంచివాళ్ళు లేదా మరీ చెడ్డవాళ్ళు అనీ అన్నారు. మేము చదివినంతలో ఆ మాటలో నిజం ఉంది. కొండ మీద సూర్యాస్తమయం ఒక పేజీ పడుతుంది, మాటలు నాటకంలో లాగా ఉంటాయి. రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్‌లో మోర్మన్ పెద్దలు దుర్మార్గులు. ఎడారిలో తనకు నీళ్ళిచ్చిన మనుషుల మతాన్ని అలా చూపించడం మాకు నచ్చలేదు. ఆయనకు ఏడాదిలో చాలాసార్లు తీవ్రమైన దిగులు కమ్ముకునేది, రోజుల తరబడి మంచం దిగేవారు కాదు. భార్య ఇల్లూ పిల్లలూ ముద్రణా చూసుకుంటుంటే నెలల తరబడి ఊళ్ళు తిరిగారు. ఆ ప్రయాణాల్లో పరాయి స్త్రీలతో చనువుగా ఉన్నారు. డాలీకి తెలుసు, బాధపడ్డారు, అయినా వదిలి వెళ్ళలేదు. పిల్లలు చదివే సంచికలో ఇంతకంటే వివరం అక్కరలేదు గాని, దాచిపెట్టడం కూడా సరి కాదనుకున్నాము.

ఇక మేము ప్రత్యేకంగా చెప్పాలనుకున్న పుస్తకం ది వ్యానిషింగ్ అమెరికన్. ఒహాయో కథల్లో ఆదివాసులను ఎక్కువగా శత్రువులుగానే చూపించిన జేన్ గ్రే, ఏళ్ళ తరబడి అరిజోనా, యూటా ఎడారుల్లో నవాహో ప్రజల మధ్య తిరిగాక రాసిన నవల ఇది. కథానాయకుడు నోఫాయే అనే నవాహో యువకుడు. చిన్నతనంలో తెల్లవాళ్ళు ఎత్తుకుపోతారు. తూర్పున పెద్ద చదువులు చదువుతాడు, ఆటల్లో మేటి అవుతాడు. పెద్దయ్యాక తన వాళ్ళ దగ్గరికి తిరిగి వస్తాడు. అప్పుడు తెలుస్తుంది, తాను అక్కడి వాడూ కాదు, ఇక్కడి వాడూ పూర్తిగా కాదు అని. తన వాళ్ళ దేవుళ్ళను మనసారా నమ్మలేడు, తెల్లవాళ్ళ దేవుణ్ణీ ఒప్పుకోలేడు. రెండు భాషలు వచ్చు, రెండింటిలోనూ ఒంటరి. నవాహోల భూములను, పిల్లలను తమ చెప్పుచేతల్లో పెట్టుకున్న ప్రభుత్వ ఉద్యోగులను, మిషనరీలను ఈ నవలలో గట్టిగానే ఎండగట్టారు.

మనం ఇష్టపడి వచ్చాం, మనల్ని ఎవరూ ఎత్తుకురాలేదు. కాబట్టి ఆ కుర్రవాడి బాధనూ మన పిల్లల బాధనూ ఒకే తక్కెడలో వేయడం అన్యాయం. అయినా శనివారం ఉదయం కార్టూన్లు మానుకుని గుణింతాలు దిద్దడానికి వచ్చి, వేసవిలో విజయవాడ వెళితే అమెరికా పిల్ల అనిపించుకునే అమ్మాయి ఈ పుస్తకం చదివితే ఎక్కడో ఒక చోట ఆగుతుందని మా నమ్మకం.

ఈ నవల 1922లో లేడీస్ హోమ్ జర్నల్ పత్రికలో సీరియల్‌గా మొదలైంది. వెంటనే మిషనరీ సంఘాల నుంచి, పాఠకుల నుంచి నిరసన ఉత్తరాలు వచ్చిపడ్డాయి. నోఫాయే ఒక తెల్ల అమ్మాయిని ప్రేమించడం కూడా చాలామందికి మింగుడు పడలేదు. హార్పర్ సంస్థ జంకింది. 1925లో పుస్తకంగా వచ్చేసరికి ముగింపు మారిపోయింది, నోఫాయే చనిపోయాడు. మొదటిసారి తండ్రి చింపేశారు, ఈసారి ఆయనే తన చేత్తో మార్చి ఇచ్చారు. అప్పటికి ఆయన దేశంలోకెల్లా ఎక్కువ సంపాదిస్తున్న రచయితలలో ఒకరు, ఎదురు చెప్పగల స్థితిలోనే ఉన్నారు. ఎందుకు తలవంచారని మేము చాలాసేపు మాట్లాడుకున్నాము, మాలో మాకే ఏకాభిప్రాయం కుదరలేదు. 1982లో, ఆయన పోయిన నలభై ఏళ్ళకు పైగా గడిచాక, చిన్న కొడుకు లోరెన్ పాత ముగింపుతో ఆ నవలను మళ్ళీ వెలువరించారు. లైబ్రరీలో తీసుకునేటప్పుడు ఆ ప్రతి ఉందేమో అడగండి.

చేపల సంగతి క్లుప్తంగా చెబుతాము, లేకపోతే అదే ఒక సంచిక అవుతుంది. సంపాదనలో పెద్ద భాగం సముద్రంలో పోశారు. సొంత ఓడ కొని, 1926లో న్యూజిలాండ్ వెళ్ళి అక్కడి బే ఆఫ్ ఐలండ్స్‌ను ప్రపంచ ప్రసిద్ధం చేశారు. 1930లో తహితీ దగ్గర గాలంతో 1,040 పౌన్ల మార్లిన్ చేపను పట్టారు. గాలంతో 1,000 పౌన్లు దాటిన చేపను పట్టడం అదే మొదటిసారి అంటారు. పైకి లాగేలోపు సొరచేపలు కొంత మాంసం పీక్కుపోయాయి, లేకపోతే ఇంకా ఎక్కువే తూగేది. అదే సమయానికి దేశంలో మాంద్యం వచ్చింది. పత్రికలు ఇచ్చే డబ్బు తగ్గింది, ఖర్చు తగ్గలేదు. అప్పుల వాళ్ళతో మాట్లాడే పని మళ్ళీ డాలీదే.

1937లో ఒరెగన్‌లో చేపలు పట్టే చోటనే పక్షవాతం వచ్చింది. కొంత కోలుకుని, మళ్ళీ రాశారు. 1939 అక్టోబర్ 23న ఆల్టడీనాలో గుండె ఆగి మరణించారు. 67 ఏళ్ళు. అప్పటికి రాసి పెట్టిన ప్రతులు ఎన్ని ఉన్నాయంటే, ఆ తరువాత ఇరవై ఏళ్ళకు పైగా ఆయన పేరు మీద కొత్త నవలలు వస్తూనే ఉన్నాయి. వాటిని అచ్చుకు పంపుతూ వచ్చిన డాలీ 1957లో కన్నుమూశారు. ఇద్దరూ తాము కలుసుకున్న లాకవాక్సెన్ పల్లెలోనే నిద్రిస్తున్నారు. అక్కడి వారి ఇల్లు ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ వారి అధీనంలో ఉన్న మ్యూజియం.

చదవాలనుకునే పిల్లలకు ఒక మాట. బేస్‌బాల్ ఇష్టమైతే 1911లో వచ్చిన ది యంగ్ పిచ్చర్‌తో మొదలుపెట్టండి. కాలేజీ రోజుల అనుభవంతో పిల్లల కోసమే రాసిన పుస్తకం అది. హైస్కూలు పిల్లలు రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్ చదవవచ్చు, హక్కుల కాలం తీరిపోయింది కనుక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి 50 పేజీలు ఓపిక పట్టాలి.

పెద్దలకు కూడా ఒక మాట. ఈసారి పిట్స్‌బర్గ్ గుడికి వెళ్ళేటప్పుడు జేన్స్‌విల్ దాటిన పది మైళ్ళకు నార్విచ్ దగ్గర దిగండి. అక్కడ నేషనల్ రోడ్ అండ్ జేన్ గ్రే మ్యూజియం ఉంది. పాత రహదారి చరిత్రను 136 అడుగుల పొడవున చిన్న చిన్న బొమ్మలతో అమర్చారు. శీతాకాలంలో మూసి ఉంటుంది కనుక ముందుగా ఫోను చేసి బయలుదేరండి. ప్రసాదం కౌంటరు మూసేలోపు గుడికి చేరాలంటే కొలంబస్‌లో ఉదయం ఏడింటికల్లా కారెక్కాలి.